కడపటి బంతిలో కూర్చున్న చేపలు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒకావిడ చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు, అందుకే రాయడం లేదు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడతారు. భర్తకి సరిహద్దు దాటగానే వచ్చే పాతపట్నంలో షాపు ఉంది. పాప ఏడో తరగతి. రిటైరైన మావయ్యగారు వాళ్లతోనే ఉంటారు. రెండేళ్ల కిందట అత్తగారు పోయాక ఆయన ఎవరితోనూ మాట్లాడటం మానేస్తే, విశాఖలో ఉండే ఆడపడుచు ఒక అక్వేరియం కొనిచ్చి హాల్లో పెట్టించారు. తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. అందులో ఐదు టైగర్ బార్బులు, ఎనిమిది జీబ్రా డానియోలు, షాపువాళ్లు క్లీనర్లని చెప్పి ఇచ్చిన నాలుగు కోరిడోరాలు, మూడు పెర్ల్ గౌరమీలు వేశారు. ఇప్పుడు గౌరమీలు రెండే మిగిలాయి.

ఆవిడ కష్టం ఇది. మేత పడగానే బార్బులు, జీబ్రాలు ఎగబడి పది సెకన్లలో ఊడ్చేస్తాయి. ఆ గోల తగ్గాక గౌరమీలు మెల్లగా వస్తాయి, అప్పటికి ఏమీ ఉండదు. పైగా వాటి గడ్డం కింద వేలాడే దారాలు రోజురోజుకీ పొట్టివైపోతున్నాయి. కోరిడోరాలు పొద్దస్తమానం అడుగున వెతుక్కుంటూనే ఉన్నా పొట్టలు లోపలికి పోయాయి. అది చూసి మావయ్యగారు ఇంకా ఎక్కువ వేస్తారు, రోజుకి నాలుగైదుసార్లు. మేత డబ్బా అయిపోతే మురీలు, అంటే మరమరాలు వేస్తారు. అత్తగారు బతికున్నప్పుడు ప్రతి కార్తీక పున్నమికీ ఇద్దరూ సీతాసాగర్ చెరువుకి వెళ్లి, అరటి దొప్పలో దీపం వదిలి, చేపలకి మురీలు చల్లి వచ్చేవారట. నీళ్లు మసకబారి వాసన వస్తున్నాయని ఈవిడ పదిహేను రోజులకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజి అన్నీ కుళాయి కింద రుద్ది కడుగుతున్నారు. దసరా తర్వాత అలా కడిగిన మూడో రోజున ఒక గౌరమి చచ్చిపోయింది. పాప రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఒకసారి మేత డబ్బా దాచేస్తే మావయ్యగారు ఏమీ అనలేదు, ఆ రాత్రి భోజనానికి మాత్రం రాలేదు. భర్తేమో చేపల కోసం నాన్నతో గొడవేంటి, తొట్టి తీసేద్దాం అంటున్నారు. ఆడపడుచు ఫోన్ చేసిన ప్రతిసారీ "నాన్న చేపలు ఎలా ఉన్నాయి" అని అడుగుతుంటే, తననే తప్పు పడుతున్నట్టు అనిపిస్తోందట. "మేత పెంచాలా, తగ్గించాలా? గౌరమీలని ఎవరికైనా ఇచ్చేయాలా? మావయ్యగారికి ఏమని చెప్పాలి? తొట్టి వైపు చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది" అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ముడులు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఒకటి చేపల ఆకలి, రెండోది మీ మావయ్యగారి మనసు. రెండోది ఎక్కడ నొచ్చుకుంటుందో అని మొదటిదాన్ని ముట్టుకోలేకపోతున్నారు. కానీ మొదటి ముడి విప్పడానికి ఆయన చెయ్యే కావాలి, మీరు చదువుతూ పోతే ఎందుకో తెలుస్తుంది.

ముందు చేపల సంగతి. వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా. మీ తొట్టిలో గౌరమీలు, కోరిడోరాలు ఆ కడపటి బంతిలో కూర్చున్నాయి. గిన్నె మొదటి వరసలోనే ఖాళీ అయిపోతోంది, వంట రెట్టింపు చేస్తే మొదటి వరస రెట్టింపు తింటుంది, అంతే. మీ మావయ్యగారు గౌరమీల మీద జాలితో వేసే ప్రతి చిటికెడూ బార్బుల పొట్టలోకే పోతోంది, మిగిలింది గులకరాళ్ల సందుల్లో కుళ్లుతోంది. కాబట్టి మేత పెంచాలా అన్న మీ ప్రశ్నకి జవాబు, తగ్గించాలి. తగ్గించి, వడ్డించే చోటు, వేళ, తీరు మార్చాలి.

ఆ తినేవాటి తీరు కాస్త తెలిస్తే మీకే సులువవుతుంది. జీబ్రా డానియోలకి, బార్బులకి అసలు జీర్ణాశయం ఉండదు, తిన్నది గొంతు నుంచి నేరుగా పేగులోకి వెళ్తుంది. ఒక్కసారి కడుపు నింపుకుని రోజంతా ఊరుకునే ఒళ్లు కాదు వాటిది, దొరికినప్పుడల్లా కొంచెం కొంచెం ఏరుకు తినే ఒళ్లు. అందుకే ఎప్పుడు చూసినా ఆకలితో ఉన్నట్టే కనిపిస్తాయి. మీ మావయ్యగారు కుర్చీ లాగగానే అద్దం దగ్గరికి వచ్చి గుంపుగా ఊగుతాయని రాశారు. అది ఆకలి కాదమ్మా, ఆయన్ని గుర్తుపట్టడం. ఈ మనిషి వస్తే మేత పడుతుందని నేర్చుకున్నాయి. ఈ మాట ఆయనకి చెప్పండి, సంతోషిస్తారు కూడా.

గౌరమి తీరు వేరు. దాని గడ్డం కింద దారాల్లా వేలాడేవి మీసాలు కావు, అవి రెక్కలే. వాటితో తడిమి, రుచి చూసి, ఇది తినేదేనా అని తేల్చుకున్నాక నోట్లో పెట్టుకుంటుంది. ఒక్కోసారి ఉమ్మేసి మళ్లీ తీసుకుంటుంది. అది జబ్బు కాదు, దాని పద్ధతి. మరి ఆ దారాలు పొట్టివవుతున్నాయంటే బార్బులు కొరుకుతున్నాయన్నమాట. టైగర్ బార్బులకి ఉన్న పెద్ద దుర్గుణం అది, వేలాడే రెక్క కనిపిస్తే ఊరుకోవు, గుంపు చిన్నదైతే మరీను. కాబట్టి మీ గౌరమీలు మెల్లగా తినడానికి సగం కారణం స్వభావం, సగం భయం. స్వభావానికి ఓపిక చాలు. భయానికి ఓపిక చాలదు, ఏదో ఒక అడ్డు పెట్టాలి.

కోరిడోరాల విషయంలో మిమ్మల్ని తప్పుదారి పట్టించారు. క్లీనర్ అనే మాట వినగానే ఆ చేప చెత్త తిని బతికేస్తుందని అందరం అనుకుంటాం, నేనూ మొదట్లో అలాగే అనుకుని రెండు కోరిడోరాలని కడుపు మాడ్చి చంపాను, ఆ బాధ ఇంకా ఉంది. ఇవి దక్షిణ అమెరికా వాగుల అడుగున మీసాలతో ఇసుక తడుముతూ పురుగూ పుట్రా ఏరుకు తినే చేపలు. వేరే చేపల మలం తినవు. నాచు కూడా పెద్దగా తినవు. పై నుంచి ఏదైనా జారిపడితేనే వాటి భోజనం, మీ తొట్టిలో బార్బుల్ని దాటుకుని ఏమీ జారడం లేదు. వాటికి వాటి వంతు మేత విడిగా అడుగుకి చేరాలి. అడుగున మేత మిగులుతోంది కదా అని రేపు ఎవరైనా సక్కర్ చేపని కొనమంటే మాత్రం కొనకండి, అది ఒక అడుగు పొడవుకి మించి పెరుగుతుంది, కోరిడోరాలకి మీరు వేసినది కూడా అదే తినేస్తుంది.

ఇంకో సంగతి ఉత్తరంలో మీరు అనుకోకుండా రాశారు, నా కళ్లు అక్కడే ఆగాయి. చలి మొదలయ్యాక గౌరమీలు ఇంకా మందకొడిగా అయ్యాయన్నారు, తొట్టిలో హీటర్ లేదన్నారు. జీబ్రాలు మన దేశపు వాగుల్లో పుట్టిన చేపలు, నీళ్లు 20 డిగ్రీలకి దిగినా హుషారుగానే తిరుగుతాయి. పెర్ల్ గౌరమి థాయ్‌లాండ్, మలేషియా వైపు వెచ్చటి నీళ్లది, దానికి 24 నుంచి 28 డిగ్రీలు కావాలి. అంటే చలికాలం రాత్రుల్లో పరుగు పందెంలో ముందున్నవాళ్ల కాళ్లు అలాగే ఉంటాయి, వెనకున్నవాళ్ల కాళ్లకి బరువు కట్టినట్టవుతుంది. మీ కొలతల ప్రకారం తొట్టిలో నూటికి కాస్త అటూ ఇటూ లీటర్లుంటాయి, 100 వాట్ల హీటర్ సరిపోతుంది. 25 డిగ్రీల దగ్గర పెట్టండి, అందరికీ కుదిరే మధ్యస్థం అది. నీళ్లు తీసేటప్పుడు ముందు ప్లగ్గు పీకాలి, లేకపోతే గాజు పగులుతుంది. పర్లాకిమిడిలో దొరక్కపోతే బరంపురంలోనో శ్రీకాకుళంలోనో చూడండి, లేదంటే మీ ఆడపడుచునే విశాఖ నుంచి పంపమనండి. ఆవిడకి కూడా ఈ తొట్టిలో ఒక పని ఉన్నట్టవుతుంది.

ఇక కడగడం. ఇది చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే మీరు నడుం వంచి చేస్తున్న పని అది. చేపలు వదిలేదీ, కుళ్లిన మేతా అమ్మోనియాగా మారతాయి, అది చేపలకి విషం. స్పాంజిలో, గులకరాళ్ల మీద కంటికి కనపడని బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చేది అదే. అన్నీ ఒకేసారి కుళాయి కింద రుద్దితే ఆ బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది, నీళ్లలో క్లోరిన్ ఉంటే మిగిలిందీ చస్తుంది. తొట్టి తళతళలాడుతుంది, లోపల మాత్రం విషాన్ని విరిచే దిక్కు ఉండదు. రెండు మూడు రోజుల్లో అమ్మోనియా పైకి లేస్తుంది. మీ గౌరమి పోయింది మూడో రోజునే. ఆకలి ఒక్కటే కాదు, ఈ నీళ్లే దాన్ని తీసుకుపోయి ఉంటాయని నా అభిప్రాయం. మీకు ఎవరూ చెప్పలేదు, శుభ్రంగా ఉంచాలనే చేశారు. ఇకనుంచి వారానికి ఒక్కసారి 20, 25 లీటర్లు మాత్రం తీసి, యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపిన నీళ్లు పోయండి. స్పాంజిని నెలకోసారి, ఆ తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. గులకరాళ్లని బయటికి తీయనే వద్దు, సైఫన్ పైపుతో అడుగున ఉన్న మడ్డి లాగితే చాలు. వీలైతే అమ్మోనియా, నైట్రైట్ చూసే చుక్కల కిట్ ఒకటి కొనండి, రెండూ సున్నా చూపించాలి. కాస్త ఖరీదే, కానీ ఊహలతో కొట్టుకోవడం తగ్గుతుంది.

ఏం చేసినా ముందు, ఆ రెండు గౌరమీలకి, కోరిడోరాలకి ఒంట్లో జబ్బు లేదని చూసుకోవాలి. ఒక గౌరమిని తొట్టిలోనే వేలాడదీసే వల పెట్టెలో పెట్టి, ఎవరూ తరమకుండా, నానబెట్టిన మేత నాలుగు పలుకులు వేయండి. రెండు మూడు రోజుల్లో తినడం మొదలెట్టి పొట్ట గుండ్రబడితే కష్టమంతా పోటీదే. ఒంటరిగా పెట్టినా నోట్లోకి తీసుకుని పూర్తిగా వదిలేస్తూ, మలం తెల్లటి దారంలా వేలాడుతూ, తిన్నా పొట్ట లోపలికే ఉంటే లోపల పురుగో, వేరే క్రిమో ఉన్నట్టు. అప్పుడు వడ్డన ఎంత మార్చినా లాభం లేదు, మందు కావాలి. ఫొటో తీసి తెలిసినవాళ్లకి చూపించి మరీ మందు వేయండి, ఎవరో చెప్పారని తొట్టిలో ఏదిపడితే అది పోయకండి. కోరిడోరాని పట్టేటప్పుడు వల వాడకండి, దాని రెక్కల ముల్లు వలలో చిక్కుకుంటుంది, ఒక ప్లాస్టిక్ గ్లాసుతో పట్టండి.

జబ్బు లేదని తేలితే మీ ముందు నాలుగు దారులున్నాయి. ఏది మంచిదో నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను, దేనికి ఏ ఖరీదు కట్టాలో చెబుతాను.

మొదటి దారి, చేపలన్నీ అలాగే ఉంచి వడ్డన మార్చడం. పొద్దున మేత వేసే ముందు ఫిల్టర్ ఆపండి, లేకపోతే ఆ ప్రవాహానికి మేత తొట్టంతా చెదిరి బార్బులకే పండగ. ఒక చివర తేలే మేత చిటికెడు వేయండి, గుంపంతా అటు ఉరుకుతుంది. ఐదు లెక్కపెట్టి రెండో చివర గౌరమీల ముఖం ముందు నానబెట్టిన మేత వదలండి. దీనికి మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేకుండా, చివర ఎయిర్ పంపు పైపు అడుగున్నర ముక్క తగిలిస్తే చాలు. సన్నటి పెల్లెట్లని, అంటే గుళికల మేతని, గ్లాసులో తొట్టి నీళ్లు పోసి పది నిమిషాలు నానబెట్టి, సిరంజిలోకి లాగి, మెల్లగా నొక్కితే సరిగ్గా గౌరమి నోటి దగ్గర రెండు మూడు పలుకులు పడతాయి. వారం పది రోజుల్లో అవి ఆ పైపుని గుర్తుపట్టి వాటంతట అవే వస్తాయి, నా దగ్గరైతే ఒక గౌరమి పైపు చివర దారాలతో తడిమి చూసి నోరు తెరిచేది. ఆ చివరన నీటి మీద అంతర తామర మొక్కలు నాలుగు వదిలితే ఇంకా మంచిది, వేళ్ల మధ్య గౌరమీలకి ధైర్యం వస్తుంది, బార్బులు అంత దూకుడుగా దూరవు. మొక్కలు చెరువు నుంచి తెస్తే రెండు మూడుసార్లు కడిగి, వేరే బకెట్లో కొన్నాళ్లు ఉంచి వేయండి. పని అయ్యాక ఫిల్టర్ మళ్లీ వేయడం మర్చిపోకూడదు. దీన్ని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

కోరిడోరాల వంతు రాత్రి. జీబ్రాలు రాత్రి నిజంగానే నిద్రపోతాయి, నిద్ర గురించి పరిశోధనశాలల్లో చదివేవాళ్లు ఈ చేపనే పెట్టుకుని చదువుతారు. బార్బులు కూడా చీకట్లో నెమ్మదిస్తాయి. హాల్లో లైట్లు ఆపి అరగంట ఆగి, అరంగుళం పీవీసీ పైపు ముక్క అడుగు దాకా దించి, అందులోంచి మునిగే పెల్లెట్లు వేయండి, అవి మధ్యలో చెదరకుండా సూటిగా అడుగుకి చేరతాయి. నాలుగు కోరిడోరాలకి చిన్న పెల్లెట్లు ఎనిమిదో పదో చాలు. పొద్దున మిగిలి ఉంటే తీసేసి మర్నాడు తగ్గించండి. వారానికి ఒకసారి బ్లడ్‌వర్మ్, అంటే గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు పెడితే రెండు జాతులూ బాగా కోలుకుంటాయి. ఫ్రిజ్‌లో పురుగులేంటి అని మీ ఇంట్లో ఒప్పుకోకపోతే గొడవ పడకండి, ఎండబెట్టినవి దొరుకుతాయి, నానబెట్టి వేస్తే మునుగుతాయి. మురుగు కాలవల్లో పట్టి తెచ్చే పచ్చి ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం వద్దు, జబ్బుల్ని వెంట తెస్తుంది. ఈ దారికి ఖర్చు దాదాపు లేదు. కానీ రోజుకి పావుగంట పని, ప్రతి రోజూ, ఒక మనిషి దగ్గరుండి చేయాలి. కొరకడం మాత్రం దీనితో ఆగదు.

రెండో దారి, బార్బుల్ని ఇచ్చేయడం. మీరు గౌరమీలని ఇచ్చేయాలా అని అడిగారు, నేనైతే బార్బుల వైపు చూస్తాను. అవి పోతే తొట్టిలో భయం ఒక్క రోజులో తగ్గుతుంది, నీళ్లు శుభ్రంగా ఉంటే గౌరమీల దారాలు మళ్లీ పెరుగుతాయి. జీబ్రాలు తిండిలో దూకుడే గానీ కొరికే గోల తక్కువ. అయితే పులి చారలున్నవి పాప ఎంచుకున్నవని రాశారు. ఒక చేప పోయి ఏడ్చిన పిల్ల దగ్గర నుంచి ఇంకో ఐదు తీసుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ పిల్లని కూర్చోబెట్టి దారాలు ఎందుకు పొట్టివయ్యాయో చూపించి, తననే తేల్చమనండి, ఏడో తరగతి పిల్లకి అర్థమవుతుంది. బార్బులు ఇంకో ఐదు కలిపి గుంపు పెంచితే వాటిలో అవే తరుముకుంటాయని కొందరు చెబుతారు, అది నిజమే, కానీ మీ తొట్టిలో ఇప్పటికే 19 చేపలున్నాయి, ఆ చోటికి ఇంకో ఐదు ఎక్కువ. ఇవ్వడమంటే ఎవరి ఇంటి తొట్టిలోకో, షాపుకో ఇవ్వడమే. సీతాసాగర్‌లోనో మహేంద్రతనయలోనో వదలడం మాత్రం వద్దు. మన ఆంధ్ర చెరువుల్లో వలల్ని చింపేస్తూ దెయ్యం చేప అని పేరు తెచ్చుకున్న సక్కర్ చేప ఎక్కడిదనుకుంటున్నారు, అక్వేరియంల కోసం తెచ్చిన జాతే.

మూడోది, తొట్టిని సన్నటి కంతల ప్లాస్టిక్ జాలీతో రెండుగా విడదీయడం. నీళ్లు, హీటర్, ఫిల్టర్ ఒకటే ఉంటాయి, చేపలు వేరవుతాయి. చవక, వెంటనే పని జరుగుతుంది. చూడటానికి బాగుండదు, గౌరమీలకి ఈదే చోటు సగమవుతుంది. నెలా రెండు నెలలు కోలుకునే దాకా అయితే సరే, శాశ్వతంగా వద్దు.

నాలుగోది రెండో తొట్టి. గౌరమీలు, కోరిడోరాలు మెతక జాతులు, అవి రెండూ కలిసి హాయిగా ఉంటాయి. రెండున్నర అడుగుల తొట్టి, స్పాంజి ఫిల్టర్, ఇంకో చిన్న హీటర్, అంతే సామాను. అయితే కొత్త తొట్టిలో బ్యాక్టీరియా నిలబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పాత ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క అందులో పెడితే తొందరగా అవుతుంది. ఇది మీ మావయ్యగారి గదిలో పెట్టొచ్చు, నాకు మనసులో బాగా నచ్చిన దారి కూడా ఇదే. కానీ ఇప్పుడే కాదు. చిన్న తొట్టిలో మేత ఎక్కువైతే పెద్దదానికంటే త్వరగా నీళ్లు పాడవుతాయి, చెయ్యి అలవాటు పడకముందే కొంటే ఇక్కడి కష్టం అక్కడికి మోసుకెళ్లినట్టవుతుంది.

ఇప్పుడు మీ మావయ్యగారు. డబ్బా దాచడం మళ్లీ చేయకండి. మీరు దాచింది ఆయన కళ్లకి మేత డబ్బా కాదు. నలభై ఏళ్లో ఎన్నేళ్లో భార్య పక్కన నిలబడి చెరువులో మురీలు చల్లిన మనిషి, ఇవాళ ఒక్కడే కూర్చుని ఈ గాజు తొట్టిలో చల్లుతున్నారు. ఆ చెయ్యి ఆపమంటే ఏం ఆపమన్నట్టు వినిపిస్తుందో మీకు తెలుసు, అందుకే మీరు ఏమీ అనలేకపోయారు, అది మీ మంచితనమే. ఆపమనకండి. మురీల గురించి ఒక్కటే చెప్పండి, చెరువులో బోలెడు నీళ్లు, ఎండ, మొక్కలు, లెక్కలేనన్ని నోళ్లు ఉంటాయి కాబట్టి చెల్లుతుంది, నూరు లీటర్లలో అవి ఉబ్బి కుళ్లుతాయి, కోరిడోరాలకి అందవు కూడా. కార్తీక పున్నమికి పాపని తీసుకుని సీతాసాగర్‌కే వెళ్లి, అత్తగారి పేరు చెప్పి చల్లి రమ్మనండి. పాపకి కూడా నానమ్మ చేసిన పని తెలుస్తుంది.

ఇంట్లో బీపీ మాత్రలకి వాడే, వారానికి అరలుండే డబ్బా ఉంటుంది కదా. అలాంటిదే కొత్తది ఒకటి కొని చేపలకి కేటాయించండి. ప్రతి ఆదివారం పాప ఏడు రోజుల మేత అరల్లో పోసి తాతయ్యకి ఇస్తుంది. ఏ రోజు అర ఆ రోజుది. ఆ అరలో ఉన్నది ఆయన ఒకసారి వేసినా ఐదుసార్లు వేసినా మీరు నోరెత్తకండి. నిజానికి జీర్ణాశయం లేని చేపలకి కొంచెం కొంచెంగా ఐదుసార్లు వేయడమే నయం, ఆయన అలవాటు తప్పు కాదు, మొత్తమే ఎక్కువైంది. అర ఎంత నింపాలో మొదటి వారం మీరు దగ్గరుండి చూడండి, బార్బులు, జీబ్రాలు రెండు మూడు నిమిషాల్లో తినేసేంత మేత, రోజుకి రెండుసార్లకి సరిపడా, అదీ లెక్క, దాన్నే ఆయన విడగొట్టుకుంటారు.

తర్వాత అసలు పని అప్పగించండి. ఒక రాత్రి లైట్లు ఆపి ఆయన పక్కన కూర్చోండి. టార్చి మీద ఎర్ర కాగితం చుట్టి చూపిస్తే చీకట్లో కోరిడోరాలు మీసాలతో వెతుక్కోవడం కనిపిస్తుంది. పైపు ఆయన చేతికిచ్చి వేయమనండి. పగలు ఎంత వేసినా అందని వాటికి ఈ ఒక్కసారి అందుతుంది మావయ్యగారూ, ఇది చేయడానికి ఓపిగ్గా కూర్చునేవాళ్లు ఇంట్లో మీరొక్కరే అని చెప్పండి. అది పొగడ్త కాదు, నిజం కూడా. కుట్టు పనితో మీకు, షాపుతో మీ వారికి ఆ పావుగంట ప్రతి రోజూ దొరకదు. మొదటి దారిలో ఒక మనిషి దగ్గరుండాలి అన్నాను కదా, ఆ మనిషి మీ ఇంట్లో తొట్టి ముందే కూర్చుని ఉన్నారు. చెయ్యి వణుకుతుంటే సిరంజి పాప నొక్కుతుంది, ఆయన పైపు పట్టుకుంటారు. ఒక అట్ట మీద ఎవరికి ఎప్పుడు ఏం వేశారో రాసి తొట్టి పక్కన అంటించమనండి, పాప బడిలో నేర్చుకున్న ఒడియాలో ఒక వరస, తాతయ్య తెలుగులో ఒక వరస. మీ ఇళ్లల్లో పిల్లలకి తెలుగు అక్షరాలు జారిపోతున్నాయని ఎంతమంది రాస్తుంటారో నాకు తెలుసు, చేపల పుణ్యమా అని నాలుగు అక్షరాలు వస్తాయి.

ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. పెద్దవాళ్లకి కొత్త పద్ధతి వెంటనే ఎక్కదు, చాటుగా మురీలు వేసే రోజులుంటాయి. అప్పుడు మీరు అరవకుండా తేలుతున్నవి వలతో తీసేయండి, ఆ వారం నీళ్లు రెండుసార్లు మార్చండి. నెల గడిచినా మారకపోతే బార్బుల్ని ఇచ్చేసి చేపల సంఖ్య తగ్గించడమే మిగులుతుంది, తక్కువ చేపలున్న తొట్టి పొరపాట్లని ఎక్కువ ఓర్చుకుంటుంది.

మీ వారు తొట్టి తీసేద్దామన్నది చేపల మీద విసుగుతో కాదనుకుంటాను, మీరిద్దరూ నొచ్చుకోవడం చూడలేక అన్నారు. ఆయనకి ఆదివారం నీళ్లు మోసే పని ఇవ్వండి, చాలు. మీ ఆడపడుచు అడిగే ముందే మీరే ఫోన్ చేసి, ఒక గౌరమి పోయింది వదినా, ఇందుకు పోయింది, ఇప్పుడు ఇలా చేస్తున్నాం, హీటర్ ఒకటి పంపగలరా అని చెప్పేయండి. దాచినంత కాలం ఆవిడ మామూలుగా అడిగినా మీకు నిలదీసినట్టే వినిపిస్తుంది.

సంక్రాంతికి మూడు నాలుగు రోజులు ఊరెళ్తున్నామని, అప్పుడు మేత ఎవరు వేస్తారని చివర్లో అడిగారు. ఎవరూ వేయనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫిల్టర్ ఆగిపోయింది, నేను మేత పూర్తిగా మానేసి మగ్గుతో నీళ్లు పై నుంచి ఎత్తి పోస్తూ కూర్చున్నాను, ఒక్కటీ పోలేదు. మేత వేసి ఉంటే ఫిల్టర్ లేని నీళ్లలో పోయేవి. మీ గౌరమీలు బక్కచిక్కి ఉన్నాయి కాబట్టి వెళ్లే ముందు వారం వాటికి సిరంజితో కాస్త శ్రద్ధగా పెట్టించండి. పక్కింటివాళ్లకి తాళమిచ్చి మేత వేయమని మాత్రం చెప్పకండి, జాలితో డబ్బా సగం ఒంపేస్తారు. వెళ్లేటప్పుడు టీవీ, ఫ్యాన్ల స్విచ్‌లు ఆపుతూ ఆపుతూ హీటర్, ఫిల్టర్ ఉన్న బోర్డు కూడా అలవాటుగా ఆపేస్తారేమో, దాని మీద ఒక టేపు ముక్క అంటించి వెళ్లండి.